తొమ్మిది గంటల వాటా

హైదరాబాదు నుండి శ్రీశైలం వెళ్ళే 765వ నంబరు జాతీయ రహదారి మన రెండు తెలుగు రాష్ట్రాల వారికి కొత్తది కాదు. శివరాత్రికీ ఉగాదికీ లెక్కకు మిక్కిలి భక్తులు ఆ కొండలకు చేరుకుంటారు. వర్షాకాలంలో శ్రీశైలం ఆనకట్ట గేట్లు ఎత్తారన్న వార్త వినగానే కుటుంబాలకు కుటుంబాలు బండ్లు కట్టుకొని బయలుదేరుతాయి. అయితే ఆ దారిలో మన్ననూరు నుండి దోమలపెంట వరకు ఉన్న 50–60 కిలోమీటర్ల అడవి భాగం రాత్రి 9 గంటలకు మూతపడుతుందనీ, ఉదయం 6 గంటలకు గానీ తెరుచుకోదనీ చాలామందికి అక్కడి గేటు ముందు ఆగవలసి వచ్చినప్పుడే తెలుస్తుంది. ఆ తొమ్మిది గంటలు ఆ రహదారి ఎవరిది? ఈ జనవరిలో సకుటుంబంగా రెండు రోజులు నల్లమలలో తిరిగి వచ్చిన తరువాత, కొండల అందం కన్నా, జంతువుల దర్శనం కన్నా ఆ ప్రశ్నే మా మనసులో ఎక్కువగా నిలిచిపోయింది. దానిని పాఠకుల ముందు ఉంచాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ యాత్రలో మేము ఏడుగురం. డెబ్భై ఏళ్ళు దాటిన మా అమ్మీ, మా శ్రీమతి, రియాద్‌లో ఉద్యోగం చేస్తూ నెల రోజుల సెలవుపై వచ్చిన పెద్దబ్బాయి, కోడలు, ఆరేళ్ళ మనుమడు, ఇంటర్ చదువుతున్న చిన్నమ్మాయి, వారితో మేము. పెద్దబ్బాయి తిరిగి వెళ్ళడానికి పది రోజులే మిగిలి ఉన్నాయి. వెళితే మళ్ళీ రెండేళ్ళకు గానీ రాడు. అందరం ఒకే బండిలో కూర్చునే అవకాశం మళ్ళీ ఎన్నాళ్ళకు వస్తుందోనన్న ఆలోచనతోనే ఈ ప్రయాణం పెట్టుకున్నాము. ఎక్కడికి అన్న మాట వచ్చినప్పుడు మనుమడు పులిని చూడాలన్నాడు. అమ్మీ ఫర్హాబాద్ చూడాలన్నారు. ఆమె తండ్రి, అంటే మా నానాగారు, అమ్రాబాద్ ప్రాంతపు తునికాకు కల్లాలలో గుమాస్తాగా పనిచేసినవారు. ఎండాకాలమంతా అడవిలో ఉండి, తొలకరికి ముందు ఇల్లు చేరి, ఆ కొండల ముచ్చట్లు పిల్లలకు చెప్పేవారట. ఆ పేరు చెవిన పడి అరవై ఏళ్ళు దాటినా ఆ చోటు అమ్మీ కంట పడలేదు. పులీ ఫర్హాబాదూ ఒకే అడవిలో ఉండడం వలన ఇంట్లో వాదనకు తావు లేకపోయింది.

కొండ ఎక్కే దారి

ఫజ్ర్ నమాజు ముగించుకొని హైదరాబాదు నుండి బయలుదేరాము. కల్వకుర్తి చేరేసరికి మంచు విడిచి ఎండ కాసింది. డిండి జలాశయం పక్కన ఆగి, ఇంటి నుండి తెచ్చుకున్న రొట్టెలూ ఖీమా తిన్నాము. కృష్ణకు ఉపనది అయిన డిండి వాగు నీరు అక్కడ నిలిచి ఉంది. నీటి కొంగలు ఒడ్డున ఒంటికాలిపై నిలబడి ఉన్నాయి. అక్కడి నుండి వేరుశనగ చేల మధ్యగా సాగిన దారికి ఎదురుగా, ఆకాశపు అంచున నల్లని గోడ కట్టినట్లు కొండల వరుస కనిపించసాగింది. నల్లమల అన్న పేరు ఎందుకు వచ్చిందో చెప్పడానికి పండితులు అవసరం లేదనిపించింది. నల్లని మల, అంతే.

దగ్గరికి వెళితే మాత్రం ఆ నలుపు కరిగిపోతుంది. హాజీపూర్ దాటి ఘాటు ఎక్కుతుంటే టేకు ఆకులు ఎండి రాగి రంగు తిరిగి ఉన్నాయి. వెదురు పొదలు పసుపు పచ్చగా వాలి ఉన్నాయి. నల్లమద్ది చెట్ల బెరడు మొసలి చర్మంలా పగుళ్ళు దేరి ఉంది. ఏగిస, చిరుమాను, ఇప్ప, తునికి చెట్లను అమ్మీ ఒక్కొక్కటిగా పేరు పెట్టి పిలుస్తున్నారు. చూడని అడవిలోని చెట్లను ఆమె తన తండ్రి మాటల నుండే గుర్తుపట్టారు. తునికి చెట్టు కనబడినప్పుడు బండి ఆపించి, కిటికీలో నుండి చాలాసేపు చూశారు. ఒక్క ఆకు కోసి తెస్తానని మనుమడు దిగబోతే, 'వద్దు బేటా, ఉన్నచోటనే ఉండనీ' అన్నారు.

ఈ అడవి చరిత్రను క్లుప్తంగా చెప్పుకోవాలి. ఇది 1978లో అభయారణ్యమైంది. 1983లో పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చింది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంగా పేరుపొందిన ఆ ప్రాంతం అప్పటి ఐదు జిల్లాలలో 3,568 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి ఉండేది. 2014లో రాష్ట్ర విభజన జరిగాక కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా తెలంగాణకు వచ్చింది. దక్షిణాన ఉన్న భాగం పాత పేరుతోనే ఆంధ్రప్రదేశ్‌లో మిగిలింది. నడుమ కృష్ణానది సరిహద్దు. పులి ఈత బాగా వచ్చిన జంతువు. నది ఈవల ఉంటే ఒక ప్రభుత్వం, ఆవలకు చేరితే మరో ప్రభుత్వం దాని బాగోగులు చూడాలి. గీత మనం గీసుకున్నదే గానీ దానికి తెలిసినది కాదు.

మన్ననూరు తనిఖీ కేంద్రం దగ్గర బండి ఆగింది. అడవిలో ప్లాస్టిక్ పారవేయరాదు, జంతువులకు ఆహారం వేయరాదు, హారన్ మోగించరాదు, వేగంగా పోరాదు అన్న సూచనలు బోర్డులపై కనిపించాయి. పెద్దబ్బాయి వాటిని చదివి నవ్వాడు. 'అబ్బా, అక్కడ ఎడారి దారుల్లో ఈపాటికి మూడు వందల కిలోమీటర్లు పోయేవాళ్ళం. ఇక్కడ సైకిలు కూడా మనల్ని దాటిపోయేలా ఉంది' అన్నాడు. చెప్పవలసిన జవాబు దారే చెబుతుందన్న నమ్మకంతో మేము మౌనంగా ఉన్నాము.

ఫర్హాబాద్

'ఫరహ్' అంటే సంతోషం. 'ఆబాద్' అంటే జనంతో వెలసిన చోటు. రెండూ కలిపితే సంతోషం నివాసమున్న ఊరు అన్నమాట. అయితే ఫర్హాబాద్‌లో ఊరేమీ లేదు. ప్రధాన రహదారి నుండి పక్కకు తిరిగి, అటవీశాఖ వారి వాహనంలో మట్టిదారిన కొంత దూరం వెళితే, పీఠభూమి అంచున ఒక ఎత్తైన చోటు, నిజాం కాలపు వేట విడిది శిథిలాలు కనిపిస్తాయి. పాలకులు ఒకప్పుడు ఇక్కడికి తుపాకులతో వచ్చేవారు. ఇప్పుడు జనం కెమెరాలతో వస్తున్నారు. విడిది కప్పు కూలిపోయింది. గోడల సందుల్లో నుండి మర్రి మొలకలు పైకి లేచాయి. ఎవరి వినోదం కోసం ఆ గోడలు లేచాయో వారు లేరు, వారు వేటాడిన జాతి మాత్రం ఇంకా ఆ కొండల్లో తిరుగుతోంది.

అంచుకు వెళ్ళి నిలబడితే కొండ ఒక్కసారిగా కిందికి జారిపోతుంది. దిగువన మైదానం, చేలు, చెరువులు, గ్రామాలు బొమ్మల కొలువులా ఉన్నాయి. అమ్మీ రాతిపై కూర్చొని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, 'అబ్బాజాన్ చెప్పినదాని కన్నా పెద్దగా ఉంది' అన్నారు. అక్కడే ఒక చెట్టు నీడలో దస్తర్‌ఖాన్ పరచుకొని జుహ్ర్ నమాజు చేసుకున్నాము. ప్రయాణికులకు నాలుగు రకాత్‌ల నమాజు రెండు రకాత్‌లకు తగ్గుతుందన్న సంగతి పాఠకులకు తెలిసినదే. యాత్రికుని భారం తేలిక చేయబడింది. అలాంటప్పుడు ఆ యాత్రికుడు తాను అడుగుపెట్టిన చోటుకు భారం కాకూడదన్నది దాని నుండి మేము తీసుకునే పాఠం. తిన్న తరువాత ఒక్క కాగితం ముక్క కూడా మిగలకుండా అంతా సంచిలో కట్టుకున్నాము.

మాకు దారి చూపిన గైడు చెంచు యువకుడు. చెంచులు ఈ కొండల ఆదివాసులు. అడవిలోని వారి చిన్న పల్లెలను పెంటలంటారు. మైదానంలో ఆ మాటకు వేరే అర్థం ఉన్నందున దోమలపెంట, ఈగలపెంట అన్న పేర్లు విని చిన్నమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. 'మీకు పెంట అంటే చెత్త వేసే చోటు, మాకు పెంట అంటే ఇల్లు' అని ఆ యువకుడు మెత్తగా అన్నాడు. ఆమె వెంటనే నవ్వు మానివేసింది.

దారిలో చుక్కల దుప్పుల గుంపు కనిపించింది. వాటి పైన చెట్టుమీద కొండముచ్చులు ఉన్నాయి. ఈ రెండు జాతులు కలిసి తిరగడం వెనుక ఒక ఒప్పందం ఉందని గైడు వివరించాడు. కొండముచ్చులు చిగుళ్ళు తింటూ సగం ఆకులు, కాయలు కింద పడేస్తాయి. వాటిని దుప్పులు తింటాయి. పైన కూర్చున్న కొండముచ్చుకు దూరం నుండి వచ్చే పులి కనిపిస్తుంది, కింద ఉన్న దుప్పికి వాసన అందుతుంది. ఎవరు ముందు పసిగడితే వారు అరుస్తారు, ఇద్దరి ప్రాణాలూ దక్కుతాయి. మరికొంత దూరాన ఒక పెద్ద బెట్టుడుత కొమ్మ నుండి కొమ్మకు దూకింది. దాని తోక దాని ఒంటికన్నా పొడవుగా ఉంది. నెమళ్ళు, అడవి పందుల గుంపు, నీటిగుంట వద్ద ఒక కణితి కనిపించాయి.

పులి కనిపించలేదు. అయితే ఒకచోట గైడు బండి ఆపించి అందరినీ ఉన్నచోటనే ఉండమని, మెత్తటి దుమ్ములోకి వేలు చూపించాడు. అరచేయంత గుండ్రని పాదముద్ర. గోళ్ళ గుర్తు లేదు, ఎందుకంటే పిల్లి జాతి జంతువులు నడిచేటప్పుడు గోళ్ళను లోపలికి ముడుచుకుంటాయి. 'బాబూ, ఈ గీత చూడు' అని మనుమడికి చెప్పాడు. 'ఇది నిన్న సాయంత్రం పోయిన మా బండి టైరు గీత. దాని మీద పులి అడుగు పడింది. అంటే మేము పోయిన తరువాత అది వచ్చింది. ఇప్పుడు మన బండి పోతే దాని అడుగు మీద మన టైరు పడుతది. రేపు పొద్దుగాల మళ్ళీ దాని అడుగు పైన ఉంటది.'

మనుమడు ఆ ముద్రను కాసేపు చూసి, 'అయితే మనం పక్కనుంచి పోదాం, దాని అడుగు చెరిపేయొద్దు' అన్నాడు. డ్రైవరు నవ్వి బండిని ఒక పక్కగా పోనిచ్చాడు.

గేటు పడిన వేళ

ఆ రాత్రి మన్ననూరులో బస చేశాము. ఇషా తరువాత, తొమ్మిది కావస్తుండగా, పెద్దబ్బాయితో కలిసి తనిఖీ కేంద్రం వరకు నడిచాము. చివరి వాహనాలు తొందరగా వచ్చి దాటిపోతున్నాయి. సరిగ్గా తొమ్మిదికి అడ్డకర్ర కిందికి దిగింది. మరి కొన్ని నిమిషాలకే ఒక కారు వచ్చి ఆగింది. అందులోని పెద్దమనిషి ఎంతో బతిమాలాడు, తరువాత గొంతు పెంచాడు, ఎవరికో ఫోను చేస్తానన్నాడు. ఉద్యోగి అలవాటైన ఓపికతో, 'రేపు పొద్దున ఆరుకు సార్' అన్న ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ చెప్పాడు. చివరికి కారు వెనక్కి తిరిగింది. ఇంజను చప్పుడు దూరమయ్యాక, ఆ వెలుతురులో ఖాళీగా పడి ఉన్న తారురోడ్డు ఒక్కసారిగా వేరే వస్తువులా కనిపించింది. లోపల ఎక్కడో ఒక దుప్పి అరిచింది. మళ్ళీ అంతా నిశ్శబ్దం.

మద్రసాలో మేము బోధించే శాస్త్రాలలో 'ఫరాయిజ్' ఒకటి. మరణించిన వ్యక్తి ఆస్తిలో ఎవరికెంత వాటా రావాలో నిర్ణయించే లెక్క అది. ఆ శాస్త్రంలో వాటాలు పంచడానికి ఏడు మూల సంఖ్యలున్నాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది 24. ఉదాహరణకు ఒక వ్యక్తి భార్యను, తల్లిని, కొడుకును విడిచి మరణిస్తే ఆస్తిని 24 భాగాలు చేస్తాము. భార్యకు ఎనిమిదవ వంతు, అనగా 3 భాగాలు. తల్లికి ఆరవ వంతు, అనగా 4 భాగాలు. మిగిలిన 17 కొడుకువి. ఆ గేటు ముందు నిలబడినప్పుడు ఈ లెక్క తనంతట తానే మా ముందుకు వచ్చింది. రోజుకు గంటలు 24. అందులో 15 మనిషికి, 9 అడవి జీవులకు.

ఫరాయిజ్ చదివే విద్యార్థికి మేము మొదట నేర్పే విషయం ఒకటుంది. వాటాదారు బలహీనుడైనంత మాత్రాన వాటా చిన్నది కాదు. వాటాదారు నోరెత్తి అడగలేనంత మాత్రాన వాటా రద్దు కాదు. తల్లి కడుపులో ఉన్న, ఇంకా లోకం చూడని బిడ్డకు సైతం వాటా తీసి పక్కన పెట్టాలి. అందరికన్నా ముందుగా జాగ్రత్త పడవలసింది అలాంటి వారి వాటా విషయంలోనే, ఎందుకంటే మాట్లాడగలిగినవారు తమ హక్కును తామే అడిగి తీసుకుంటారు. అడవిలోని ప్రాణి తన తొమ్మిది గంటల కోసం ఏ కచ్చేరీ మెట్లూ ఎక్కదు. దాని తరఫున అక్కడ ఉన్నది ఒక అడ్డకర్ర, దాన్ని దించే ఒక చిరుద్యోగి మాత్రమే. అతనిపై గొంతు పెంచడం సులభం. కానీ ఆ గొంతు ఎవరి వాటా మీద పడుతోందో ఆలోచించాలి.

ఈ మాటలన్నీ పెద్దబ్బాయితో అన్నప్పుడు అతడు వెంటనే ఒప్పుకోలేదు. 'మరి రాత్రిపూట ఆసుపత్రికి పోవలసినవారి సంగతేమిటి అబ్బా? సంతకు కూరగాయలు చేర్చవలసిన రైతు సంగతేమిటి?' అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. వాటాల లెక్క ఎప్పుడూ ఒకవైపు నుండే చూస్తే తేలదు. రెండవ రోజు ప్రయాణంలో ఆ రెండో వైపు కూడా కళ్ళబడింది.

లోయ అంచున

మరునాడు ఉదయం గేటు తెరిచిన కొంతసేపటికి మళ్ళీ అడవిలోకి ప్రవేశించాము. మలుపులో ఒకచోట రోడ్డుకు ఇరువైపులా కోతుల గుంపు కూర్చొని ఉంది. ముందు పోతున్న కారులో నుండి ఎవరో అరటిపళ్ళు విసిరారు. గుంపు మొత్తం రోడ్డుపైకి ఉరికింది. పెద్దబ్బాయి బ్రేకు వేసి ఆపాడు. అక్కడికి కొద్ది దూరంలోనే రోడ్డు అంచున ఒక చిన్న కోతిపిల్ల చచ్చి పడి ఉంది. రాత్రి గేటు మూసే ముందు పోయిన బండ్లలోనో, తెల్లవారి తొందరలో వచ్చిన బండ్లలోనో ఏదో ఒకటి దాన్ని తొక్కింది. పక్కన ఒక పెద్ద కోతి కూర్చొని దాని చేతిని పట్టుకొని ఉంది. వాహనం దగ్గరికి వచ్చినా లేవలేదు. మనుమడు, 'దాదా, అది వాళ్ళ అమ్మీనా?' అని అడిగాడు. బండిలో ఎవరమూ జవాబు చెప్పలేదు. మా శ్రీమతి వాణ్ణి దగ్గరకు తీసుకున్నారు.

పండు విసిరిన చెయ్యి చెడ్డది కాదు. జాలితోనే విసిరి ఉంటుంది. కానీ ఆ జాలి వలన కోతి అడవిలో మేత వెతుక్కోవడం మానేసి రోడ్డు పక్కన కాపు కాస్తుంది. పిల్లలు టైర్లకు అలవాటు పడతాయి. ఒక్క క్షణపు వినోదానికి ఆ గుంపు చెల్లించే వెల అది. అక్కడి నుండి పెద్దబ్బాయి నడిపిన వేగాన్ని గురించి మేము ఒక్క మాట కూడా అనవలసిన అవసరం రాలేదు. ఒకచోట కొండముచ్చులు వరుసగా రోడ్డు దాటుతుంటే, చివరిది దాటేవరకు ఇంజను ఆపి కూర్చున్నాడు.

వటవర్లపల్లి వద్ద ప్రధాన రహదారి వదిలి మల్లెలతీర్థం వెళ్ళాము. అక్కడ వందల మెట్లు దిగితే లోయలో జలపాతం ఉంది. జనవరి కావడం వలన ధార సన్నగా జాలువారుతోంది. దాని చల్లదనం మాత్రం మెట్ల మధ్యలోనే ముఖానికి తగులుతుంది. అమ్మీ మెట్లు దిగలేరు గనుక పైనే ఉండిపోయారు. మేము తిరిగి వచ్చేసరికి ఒక చెంచు వృద్ధునితో మాటల్లో ఉన్నారు. తన తండ్రి తునికాకు కల్లాల సంగతి ఆమె చెబుతుంటే, తేనె తీసే సంగతి ఆయన చెబుతున్నాడు. కొండ చరియల నుండి తాళ్ళు కట్టుకొని వేలాడుతూ తుట్టెలు కోస్తారట. 'అంతా కోయం అమ్మా, కొంత ఈగకు వదులుతాం. అంతా కోస్తే మళ్ళా ఏడు ఈగ ఆడికి రాదు' అన్నాడాయన. ఏ పుస్తకమూ చదవని మనిషి వాటాల సంగతి ఎంత తేటగా చెప్పాడా అని మేము విస్తుపోయాము.

ఆయనకు ఒక దిగులు ఉంది. పులుల అభయారణ్యపు నడిబొడ్డున ఉన్న ఊళ్ళు స్వచ్ఛందంగా బయటకు తరలితే కుటుంబానికి 15 లక్షల రూపాయలు ఇస్తారు. 2021కి ముందు అది 10 లక్షలు ఉండేది. కొందరికి ఆ డబ్బూ, రోడ్డూ బడీ ఆసుపత్రీ దగ్గరగా ఉండే జీవితమూ కావాలి. ఆయన మాత్రం, 'అడవి బయట నాకేం తెలుసు?' అన్నాడు. పులి వాటా కాపాడే పేరుతో తరతరాలుగా దానితో కలిసి బతికినవాడి వాటా చేజారకూడదు. ఎవరైనా కదలాలంటే ఇష్టపడి కదలాలి. మాట ఇచ్చినదంతా చేతికి అందిన తరువాతే కదలాలి. ఈ విషయంలో తొందర తగదు.

దోమలపెంటకు ముందు ఆక్టోపస్ వ్యూ పాయింట్ అనే చోట ఆగాము. అక్కడి నుండి చూస్తే శ్రీశైలం జలాశయపు నీరు కొండల నడుమకు అనేక పాయలుగా పాకి, పేరుకు తగినట్లు చేతులు చాపినట్లుంటుంది. అడవి, నీరు, రాయి తప్ప మరేమీ కానరాని చోటు. కానీ ఆ కొండల కింద కూడా మనిషి పని సాగుతూనే ఉంది. ఫ్లోరైడ్ బాధ అనుభవిస్తున్న నల్గొండ ప్రాంతానికి కృష్ణా నీటిని చేర్చడానికి, శ్రీశైలం ఎడమగట్టు కాలువ కోసం 40 కిలోమీటర్లకు పైగా పొడవైన సొరంగం ఈ అభయారణ్యం కిందుగా తవ్వుతున్నారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపున ఆ సొరంగంలో పైకప్పు కూలి ఎనిమిది మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. పొట్ట చేతపట్టుకొని దూర రాష్ట్రాల నుండి వచ్చినవారు వారిలో ఉన్నారు. పరదేశంలో కష్టపడే కొడుకు ఉన్న మా ఇంటివారికి ఆ వార్త కేవలం వార్తగా వినిపించలేదు. అక్కడ ఆగి వారి కుటుంబాల కోసం దుఆ చేశాము.

కృష్ణ మీది ఆనకట్టను చూసి మధ్యాహ్నానికి తిరుగుముఖం పట్టాము. 512 మీటర్ల పొడవు, 145 మీటర్ల ఎత్తు, 12 గేట్లు గల ఆ కట్టడం మనిషి శక్తికి నిదర్శనమే. ఎడమగట్టున కొండ గర్భంలోని విద్యుత్ కేంద్రం సామర్థ్యం 900 మెగావాట్లు. మన ఇళ్ళలో వెలిగే దీపాలలో ఆ నీటి వంతు ఉంది. నల్గొండ బిడ్డకు మంచినీటి వాటా ఉంది, రైతుకు సాగునీటి వాటా ఉంది, భక్తునికి దారి వాటా ఉంది, చెంచుకు ఇంటి వాటా ఉంది. అవన్నీ నిజమైన హక్కులే. అయితే ఇవన్నీ తీసివేయగా అడవి ప్రాణికి ఏదైనా మిగిలితే చాలునని అనుకోవడం సరైన లెక్క కాదు. వాటా అంటే మిగిలినది ఇవ్వడం కాదు. ముందుగానే లెక్కలో చేర్చడం.

మన వంతు

2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దంటూ తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. అన్ని వర్గాల ప్రజలూ గొంతు కలిపితే మూగజీవాల వాటా నిలుస్తుందనడానికి అది మన కళ్ళెదుటి ఉదాహరణ. ఇప్పుడు ఈ అడవి దారిపై జంతువులు కింద నుండి తిరిగేలా ఎత్తైన వంతెన రహదారి నిర్మించాలన్న ప్రతిపాదన చర్చలో ఉంది. అది పూర్తయితే రాత్రిపూట ఆసుపత్రికి పోయేవారి ఇబ్బంది, మూగజీవాల చావులు రెండూ తగ్గవచ్చు. అయితే ఆ నిర్మాణం సాగే సంవత్సరాలలో యంత్రాల చప్పుడు అడవిపై ఎలా పడుతుందన్నది కూడా లెక్కించవలసిన విషయమే. నిర్ణయం పెద్దలది. ఆ లెక్కలో నోరులేనివాటి వాటా కూడా రాయండని అడగవలసిన బాధ్యత మనది.

పెద్ద నిర్ణయాల కోసం ఎదురుచూడకుండా ప్రతి కుటుంబమూ చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఈ దారిన వెళ్ళదలచినవారు తొమ్మిదికి చాలా ముందే అడవి దాటేలా ప్రయాణం రాసుకోవాలి. చీకటిపడ్డాక తొందర పెరుగుతుంది, తొందరలోనే ప్రమాదాలు జరుగుతాయి. నీళ్ళు ఇంటి నుండి పెద్ద డబ్బాలో తీసుకువెళితే ప్లాస్టిక్ సీసాల పని ఉండదు. తిన్న చోట ఎంగిలి వదలకూడదు. ఆ వాసనకు జంతువులు రోడ్డు చేరతాయి. కోతులకు పండు గానీ బిస్కెట్టు గానీ వేయకూడదు. పిల్లలు అడిగితే కారణం చెప్పాలి, ఆరేళ్ళ వాడికి కూడా అర్థమవుతుంది. పాటలు పెద్దగా పెట్టుకోవడం మాని కిటికీ దించితే అడవి చప్పుళ్ళు వినిపిస్తాయి. పులి కనబడకపోతే యాత్ర వృథా అయిందన్న మాట పిల్లల ముందు అనకూడదు. దాని పాదముద్రను చూపించి, అది ఉన్నదనీ, ఉండాలనీ చెప్పాలి. గేటు దగ్గరి ఉద్యోగికి సలాం చెప్పి, ఒక మంచి మాట మాట్లాడి ముందుకు సాగాలి. ఎవరి తరఫున అతడు అక్కడ ఎండకూ చలికీ నిలబడి ఉన్నాడో గుర్తుంచుకోవాలి.

పెద్దబ్బాయి రియాద్ వెళ్ళిపోయాడు. మనుమడు ఇప్పుడు రాత్రి తొమ్మిది కొట్టగానే, 'ఇప్పుడు రోడ్డు వాళ్ళది' అంటున్నాడు. వాడికి ఫరాయిజ్ చదివే వయసు ఇంకా రాలేదు గానీ, మొదటి పాఠం మాత్రం వంటబట్టింది.